ఏడవ మునక



మా ఆసుపత్రిలో ప్రతి ఉదయం ఓ.పి. మొదలు కాకముందు వార్డులో పావుగంట ప్రార్థన జరుగుతుంది. పాస్టరు గారు చిన్న వాక్యధ్యానం చెబుతారు. ఇష్టమున్నవారు వింటారు, లేనివారు టీ తెచ్చుకోవడానికి వెళతారు. ఎవరికీ బలవంతం లేదు. ఒకసారి వారమంతా ఆయన విధేయత గురించి, పూర్ణహృదయంతో జీవించడం గురించి చెప్పారు. ఆ మాటలు రోగులకంటే ముందు మందుల ట్రే పట్టుకుని నిలబడిన నాకే తగిలాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నయమాను కథ

బైబిలులో రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను అనే సిరియా సేనాధిపతి కథ ఉంది. ఆయనకు కుష్ఠురోగం. (బైబిలులో ఆ పేరు కింద చాలా రకాల చర్మవ్యాధులు వస్తాయని పండితులు చెబుతారు.) ఇంట్లో పనిచేసే ఒక చిన్న బానిసపిల్ల చెప్పిన మాట మీద ఎలీషా ప్రవక్త ఇంటికి వెళ్లాడు. ప్రవక్త బయటకు కూడా రాలేదు. యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని మనిషి చేత కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. మా దేశంలో ఇంతకంటే మంచి నదులు లేవా అన్నాడు. వంశధార, నాగావళి ఒడ్డున పుట్టిన మనల్ని ఎక్కడో తెలియని ఏటిలో మునగమంటే మనమూ అలాగే అంటాం.

చివరికి వెళ్లాడు, ఏడుసార్లు మునిగాడు, బాగుపడ్డాడు. పాస్టరు గారు ఇక్కడ ఆగి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: "ఆరుసార్లు మునిగి ఒడ్డుకు వచ్చేస్తే?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన అన్నారు: "సగం హృదయం మొదట్లో కనబడదు. బాధ ఉన్నప్పుడు అందరూ మాట వింటారు. బాధ తగ్గాక విన్నదే పూర్ణహృదయం."

మందుల విషయంలో ఇది ఎలా నిజం?

క్షయ జబ్బునే తీసుకుందాం. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలల్లో నాలుగు రకాల మందులు కలిసి చాలా క్రిములను చంపుతాయి. దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. కానీ కొన్ని క్రిములు కదలకుండా నిద్రపోతున్నట్టు ఊపిరితిత్తుల్లో దాగి ఉంటాయి. మిగిలిన నాలుగు నెలలు వాటి కోసమే. మధ్యలో మానేస్తే అవి మళ్లీ లేస్తాయి. వాటిలో మందుకు లొంగని క్రిములు మిగిలి పెరిగితే పాత మాత్రలు పనిచేయవు. ఆ క్రిములే ఇంట్లో పిల్లలకు అంటవచ్చు.

కుష్ఠు కూడా అంతే. ఒకప్పుడు ఏళ్ల తరబడి ఒకే మందు వాడేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫార్సు చేసింది. ఇప్పుడు జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి వంటివి మన ప్రాంతంలో ఎన్నో దశాబ్దాలుగా ఈ సేవ చేస్తున్నాయి. కుష్ఠు శాపం కాదు, పాపఫలం కాదు. క్రిమి వలన వచ్చే జబ్బు.

నేను నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల కిందట చెన్నైలో కూలిపని చేసే ఒక యువకుడు మా దగ్గర క్షయకు మందులు మొదలుపెట్టాడు. రెండు నెలలకు ఒళ్లు తేరింది. మేస్త్రీ పిలిచాడని మళ్లీ పనికి వెళ్లిపోయాడు. మాత్రలు ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. అయిదు నెలల తరువాత వాళ్లమ్మ తీసుకువచ్చింది. కఫంలో రక్తం.

"బాగున్నాడు కదా అనుకున్నాం సిస్టరమ్మా, ఇంక మందులెందుకని ఊరుకున్నాం" అంది.

నేను అందరి ముందూ ఇద్దరినీ కేకలు వేశాను. ఆ అబ్బాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరునాడు ఇంటికి వెళ్లిపోతానని సంచి సర్దుకున్నాడు.

ఆ ఉదయమే పాస్టరు గారు నయమాను దాసుల గురించి చెప్పారు. కోపంతో వెనక్కి తిరిగిన యజమానిని వాళ్లు తిట్టలేదు. తండ్రీ అని పిలిచి, ప్రవక్త కష్టమైన పని చెప్పి ఉంటే చేసేవారే కదా, ఇది చిన్న పనే కదా అని నచ్చజెప్పారు. నయమానును నదికి నడిపించినవి ఆ మెత్తని మాటలే.

నేను వెళ్లి ఆ మంచం పక్కన కూర్చున్నాను. "ఎందుకు మానేశావు నాన్నా?" అని అడిగాను. చాలాసేపటికి చెప్పాడు. "ఆ మాత్రలేసుకుంటే ఒంటేలు ఎర్రగా వొచ్చేది సిస్టరమ్మా. నెత్తురనుకున్నాను. అడిగితే నవ్వుతారని అడగలేదు."

ఆ ఎరుపు రిఫాంపిసిన్ మందు రంగు మాత్రమే. ప్రమాదం లేదు. మాత్రలిచ్చిన రోజే ఆ మాట చెప్పవలసినదాన్ని నేను. చెప్పలేదు. అతను ఆరవ మునకలో ఆగిపోయాడని కేకలు వేసిన నేను, నా పనిని పూర్ణహృదయంతో చేయలేదు.

పరీక్షలో మామూలు మందులకు లొంగని క్షయ అని తేలింది. మందులు మారాయి, కష్టం పెరిగింది. ఊపిరితిత్తిలో కొంత భాగం పాడైంది. బరువులెత్తే పని ఇక చేయలేడు. కానీ ఈసారి పూర్తి చేశాడు. ఆఖరి రోజున వాళ్లమ్మ ఖాళీ మాత్రల రేకులన్నీ కట్టగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఇంటివారు చేయవలసినవి

1. రోజూ ఒకే వేళకు మాత్ర ఇవ్వండి. మీ ఎదుటే మింగించండి.
2. ఒళ్లు బాగైందని మీ అంతట మీరు మందు ఆపవద్దు. ఆపవలసిన రోజు డాక్టరు గారు చెబుతారు.
3. కళ్లు పచ్చబడినా, ఆగని వాంతులైనా, చూపు మందగించినా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి రండి. కుష్ఠుకు మందులు వాడేటప్పుడు మచ్చలు ఎర్రగా వాచినా, నరం నొప్పి పుట్టినా అలాగే రండి.
4. ఊరు విడిచి పనికి వెళ్లవలసి వస్తే ముందే చెప్పండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు అందేలా బదిలీ చేయవచ్చు.
5. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాకు ఇచ్చే పథకం ఉంది. పేరు నమోదు చేయించండి.
6. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించండి.
7. సందేహం ఉంటే అడగండి. విధేయత అంటే నోరు మూసుకోవడం కాదు. ఎవరూ నవ్వరు.

చివరగా

మన ప్రాంతంలో సువార్త ప్రకటించిన కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారు 1833లో బాప్తిస్మం పొంది, 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆ మధ్య 57 ఏళ్లు. పూర్ణహృదయం ఒక్క రోజు ఉద్రేకం కాదు. రోజూ చేసే చిన్న పనిని ఆఖరి వరకూ చేయడం.

ప్రార్థన చేయండి. ప్రార్థించిన చేతులతోనే మాత్ర కూడా అందించండి. మీ మనిషి ఆరవ మునకలో అలసిపోతే కోప్పడకండి. పక్కన కూర్చుని, ఏడవదానికి చెయ్యి పట్టుకోండి. ప్రభువు మీకు ఆ ఓర్పు దయచేయును గాక.