వాల్వు ఆంప్లిఫైయరు – గృహనిర్మాణ విధానము

తీగను మీటగా పుట్టిన నాదమును పెద్దది చేయుటకు మానవుడు తొలుత కొయ్యను ఆశ్రయించెను. వీణకు కుండ, సితారునకు బుర్ర, సాధారణ గిటారునకు బోలు కడుపు అందులకే ఏర్పడినవి. విద్యుత్ గిటారునకు అట్టి కడుపు అవసరము లేదు. దాని ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీగచుట్టయు నుండును. తీగ కంపించినపుడు ఆ చుట్టలో వోల్టులో పదియవ వంతు మాత్రపు విద్యుత్తు జనించును. దానిని నాదముగా మార్చి సభకు వినిపింపజేయునది ఆంప్లిఫైయరు. కనుక అది వాద్యమునకు తోడు కాదు, వాద్యములో సగము.

దీనికి మన తెలుగువారిలోనే దృష్టాంతము గలదు. 1969లో పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించి, 1998లో పద్మశ్రీ బిరుదము నందెను. సాధారణ మాండొలిన్‌పై స్వరము మీటిన వెంటనే అణగిపోవును. గమకమునకో, నాదము నిలువవలెను. ఆ నిలుకడకు విద్యుత్తు తోడ్పడినది.

గిటారుపై మక్కువగల విద్యార్థులు ఆంప్లిఫైయరును ఇంటివద్దనే నిర్మించుకొనవచ్చునా? నిర్మించుకొనవచ్చును. అయితే తెలిసి నిర్మింపవలెను. ఆ తెలియవలసిన దానినే ఇచట సంగ్రహముగా వివరింపబూనితిమి.

వాల్వు అనగా కవాటము. మన పుంగనూరు ప్రాంతపు రైతునకు దీనిని బోధించుట సులభము. చెరువులో నీరు నిండుగా నున్నది. తూము బిరడాను కొద్దిగా కదల్చినచో కాలువలో ప్రవాహము ఎంతయో హెచ్చును, తగ్గును. కదల్చు శక్తి స్వల్పము, కదలు నీరు అపారము. వాల్వులో వేడెక్కిన కేథోడునుండి వెలువడు ఎలెక్ట్రానులు శూన్యమును దాటి ప్లేటును చేరును. నడుమనున్న గ్రిడ్డు తూము బిరడా వంటిది. గిటారునుండి వచ్చు అల్పవిద్యుత్తు గ్రిడ్డును కదల్చగా, ప్లేటులోని గొప్ప ప్రవాహము దానిని అనుసరించును. 1904లో ఫ్లెమింగ్ రెండు ధ్రువముల వాల్వును కనిపెట్టగా, 1906లో లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్డును చేర్చెను.

1947లో ట్రాన్సిస్టరు అవతరించిన పిదప రేడియోలనుండి వాల్వులు క్రమముగా నిష్క్రమించినవి. గిటారు వాయించువారు మాత్రము వానిని విడువలేదు. శక్తికి మించి ధ్వని కోరినపుడు, సాధారణ ట్రాన్సిస్టరు పరికరము ధ్వనితరంగపు శిఖరమును కత్తితో కోసినట్లు ఖండించును. వాల్వు దానిని మెల్లగా వంచును. అందును ఒకే శక్తివాల్వు గల పరికరము మూలస్వరమునకు దాని తారస్థాయి స్వరమునే అధికముగా చేర్చును. షడ్జమునకు తారషడ్జము తోడైనచో చెవికి ఇంపే గదా!

వాల్వులు మనకు పరాయివి కావు. మనకు పొరుగుననే యున్న బెంగుళూరులో, 1954లో స్థాపింపబడిన భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థ 1961 నుండి రేడియో వాల్వులను తయారుచేసెను. ఇ.సి.సి. 83, ఇ.ఎల్. 84 అను రకములు అచట తయారైనవే. నేడు క్రొత్తవి రష్యా, స్లొవేకియా, చైనా దేశములనుండి వచ్చుచున్నవి.

ప్రారంభకులకు మూడు వాల్వులు చాలును. ఇ.సి.సి. 83లో రెండు భాగములుండును. ఒక్కొక్కటి విద్యుత్తును సుమారు 50 రెట్లు పెంచును. ఇ.ఎల్. 84 శక్తివాల్వు 250 వోల్టులపై 5 వాట్లకు కొంచెము మించి ఇచ్చును. ఇంటికి ఇది ఎక్కువే. ఇ.జడ్. 81 ఏకాంతర విద్యుత్తును ఏకముఖము చేయును. మూడింటి ఫిలమెంట్లకు 6.3 వోల్టుల వద్ద సుమారు 2 ఆంపియర్లు కావలెను. ట్రాన్స్‌ఫార్మరు 3 ఆంపియర్లది కొనుట మేలు. శక్తివాల్వునకును 8 ఓముల స్పీకరునకును నడుమ, 25కు 1 నిష్పత్తిగల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉండవలెను. స్పీకరు కలుపక పరికరమును మ్రోగించినచో ఆ ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవును.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఇందులో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు సంచరించును. ప్లగ్గు ఊడదీసిన తరువాతను అది కెపాసిటర్లలో నిలిచియుండును. కాలువ కట్టినంత మాత్రమున కుండలోని నీరు ఇంకిపోదు. కావున 47 మైక్రోఫారడుల కెపాసిటర్లు రెండు వాడినచో, వానికి అడ్డముగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరును కలుపవలెను. అపుడు 350 వోల్టులు ఒక్క నిమిషములో 20 వోల్టులకు దిగును. రెసిస్టరు తెగియుండవచ్చును గనుక, ముట్టుకొనుటకు ముందు ప్రతిసారి మీటరుతో పరీక్షింపవలెను. లోహపు ఛాసిస్‌ను మూడు కాళ్ల ప్లగ్గుద్వారా భూమికి కలుపుటయు, ఫ్యూజు అమర్చుటయు విధిగా చేయవలెను. పాత రేడియోలలో కొన్నింటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేదు. వాని ఛాసిస్ నేరుగా ఇంటి విద్యుత్తుతో కలిసియుండును. అట్టివానికి గిటారును తగిలించుట ప్రాణాంతకము. ఏలయన, వాయించువాని వ్రేళ్లు లోహపు తీగలపైననే యుండును.

పెట్టె పని వడ్రంగిది. స్పీకరు ముందునుండి వచ్చు గాలి అలయు, వెనుకనుండి వచ్చు అలయు పరస్పర విరుద్ధములు. రెండును కలిసినచో మంద్రస్వరములు నశించును. వానిని వేరుచేయుటకే పెట్టె. వెనుక భాగమును కొంత తెరచియుంచుట ఆచారము. వాల్వుల వేడియు పోవును, ధ్వనియు గదినిండ వ్యాపించును. పది అంగుళముల స్పీకరునకు 18 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల ఎత్తు, 9 అంగుళముల లోతు సరిపోవును. పలకలు ముప్పాతిక అంగుళము మందముండవలెను. టేకు శ్రేష్ఠము, మామిడి చౌక. ఏదైనను బాగుగా ఆరినదై యుండవలెను. పచ్చికొయ్య ఆరునపుడు కీళ్లు విడి, మంద్రస్వరమునకు గరగరలాడును. నాలుగు పలకలలోను కొయ్యపోగు పెట్టెచుట్టు ఒకే వరుసగా తిరుగునట్లు కూర్చినచో, తేమకు అన్నియు కలిసి ఉబ్బి, కలిసి కుదించుకొనును. మూలలను మేకులతో గాక, రెండు చేతుల వ్రేళ్లు పెనవేసినట్లు పళ్లు కోసి, జిగురుతో బిగింపవలెను.

ఈ విద్య పుస్తకమున సగము, చేతిలో సగము. వాల్వు రేడియోలను బాగుచేసిన పెద్దలు వృద్ధులగుచున్నారు. వారు వాడిన మీటరు, కాల్చిన సోల్డరు, ఒక చేతిని వెనుకకు ఉంచుకొను ఆ అలవాటు ఏ గ్రంథమునందును సంపూర్ణముగా దొరకవు. కావున పని ప్రారంభింపగోరు విద్యార్థి ముందుగా అంగడికి గాక, అట్టి యొక పెద్దవద్దకు పోయి, ఆయన ప్రక్కన కూర్చుండి మొదటి తీగను అతుకవలెనని మా మనవి.