పాట కుర్రవాళ్లది, పేరు సిగరెట్టుది

1965లో వచ్చిన 'గుమ్‌నామ్' హిందీ చిత్రంలో ముహమ్మద్ రఫీ పాడిన హుషారు పాట పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తెర మీద గిటార్లు పట్టుకుని కనిపించింది 'టెడ్ లయన్స్ అండ్ హిజ్ కబ్స్' అనే బృందం. ఆ రోజుల్లో బీటిల్స్ రికార్డులు విని మన నగరాల్లో ఎందరో కుర్రవాళ్లు గిటారు నేర్చుకున్నారు. అమెరికాలో ఇటువంటి పిల్లలు ఇంటి కారు షెడ్డులో సాధన చేసేవారు గనుక ఈ బాణీకి తర్వాత 'గ్యారేజ్ రాక్' అనే పేరు వచ్చింది.

మన దేశంలో వీరికి పెద్ద వేదిక అయింది 'సిమ్లా బీట్' పోటీ. 1970, 1971 సంవత్సరాల బృందాల పాటలు రెండు ఎల్పీ రికార్డులుగా వెలువడ్డాయి. షిల్లాంగ్ నుంచి 'ఫెన్‌టోన్స్', మన తిరుపతి, చిత్తూరులకు పొరుగున ఉన్న మద్రాసు నుంచి 'కన్‌ఫ్యూషన్స్' వాటిలో వినిపిస్తాయి. సినిమా పాటలే రాజ్యమేలుతున్న కాలంలో కుర్రవాళ్లు సొంతంగా కట్టిన పాటలు రికార్డుకెక్కడం చిన్న సంగతి కాదు.

అయితే ఇక్కడ సిమ్లా అంటే ఊరు కాదు, ఇంపీరియల్ టుబాకో కంపెనీ వారి సిగరెట్టు! పోటీ పేరులోనే ప్రచారం ఉంది. పొగాకు కంపెనీలు ఇలా కార్యక్రమాలకు డబ్బు పెట్టడాన్ని 2003లో వచ్చిన చట్టం నిషేధించింది.

ఆ కుర్రవాళ్లను తప్పుపట్టలేం. వారికి కావలసింది వేదిక. ఇచ్చినవాడు పొగాకు వ్యాపారి. పాటైనా, ఆటైనా, చదువైనా మన పిల్లల ప్రతిభకు ముందుగా చేయూతనివ్వవలసింది మనమే. మనం ఇవ్వకపోతే ఎవరిస్తారో, బదులుగా ఏమి అడుగుతారో తల్లిదండ్రులు ఆలోచించాలి.