నాన్నగారి గడ్డి మిషను

మీ ఇంటి వెనక షెడ్డులో కూడా ఒక పాత గడ్డి మిషను ఉండే ఉంటుంది. డర్బన్‌లో మా ఇంట్లో ఉన్నది పాయింట్ల కాలం నాటి ఇంజను. నాన్నగారు రిటైరయ్యాక ఇరుగుపొరుగు ఇళ్ళలో గడ్డి కోసి ఇల్లు నడిపింది దానితోనే. పోయిన నెల తాడు ఎంత లాగినా అది పలకలేదు.

"అమ్మేయకురా. దానికి నిప్పు తప్ప అన్నీ ఉన్నాయి" అన్నారు.

ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. అందుకని పానా నేను పట్టుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పారు.

మీరూ ముందు ప్లగ్గు విప్పి చూడండి. కొస తడిగా ఉంటే పెట్రోలు అందుతోందన్నమాట. ఇక నిప్పురవ్వ సంగతి. ప్లగ్గును వైరుకు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు ఆనించి, రబ్బరు తొడుగు పట్టుకుని తాడు లాగండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడి పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. కాళ్ళు కూడా బ్లేడుకు దూరం. నీలి రవ్వ టక్కున దూకాలి. మాకు కొత్త ప్లగ్గు పెట్టినా ఏమీ కనబడలేదు.

చాలామంది ఇక్కడే కొత్త కాయిల్ కొనేస్తారు. తొందరపడకండి. ఇంజను ఆపే స్విచ్చు వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలినా రవ్వ రాదు. ఆ వైరు విడదీసి మళ్ళీ చూడండి. రవ్వ వస్తే తప్పు కాయిల్‌ది కాదు. పని అయ్యాక వైరు తిరిగి కలపడం మరిచిపోకండి, లేకపోతే ఇంజను ఆగదు!

మా తప్పు పాయింట్లలో ఉంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ పక్కగా తిరిగితే కరెంటు పుడుతుంది. సరిగ్గా సమయానికి పాయింట్లు విడిపోతేనే ప్లగ్గు దగ్గర రవ్వ దూకుతుంది. సముద్రపు తేమకు మా పాయింట్ల మీద బూడిదరంగు పొర కట్టింది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సందు సుమారు 0.5 మి.మీ. పెట్టాం. రవ్వ వచ్చింది కానీ నీరసంగా, పసుపుగా.

అప్పుడు ఎలక్ట్రానిక్ కాయిల్ మాట ఎత్తాను. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 1982లోనే పాయింట్లు మానేసి మాగ్నెట్రాన్ తెచ్చింది.

"పాయింట్లయితే నేనే తుడుచుకోగలను" అన్నారు నాన్నగారు.

"తుడవాలంటే ప్రతిసారీ ఫ్లైవీల్ ఊడదీయాలి కదా, నాన్నా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, పాయింట్లు మాత్రం తీసేయకు" అన్నారు. నిజమే, కొన్ని ఇంజన్లలో వాటి ప్లంజర్ పీకేస్తే ఆ రంధ్రంలోంచి ఆయిల్ కారుతుంది. పాత వైరు కత్తిరించి, పాయింట్లు అక్కడే వదిలేశాం.

మీ ఇంజను మోడల్ నంబరు చూసి దానికి సరిపోయే కాయిల్ కొనండి, తిరగేసి బిగించకండి. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య సందు మేం 0.25 మి.మీ. పెట్టాం. విజిటింగ్ కార్డు దూర్చి బిగిస్తే దాదాపు అంతే వస్తుంది.

మూడో లాగుకు పలికింది. నాన్నగారు కుర్చీలోంచి లేచి, "చోక్ తగ్గించరా!" అని అరిచారు.