పోయకుండానే ఇంజనాయిలు పెరిగిందా? ట్రాక్టరు ఆపండి!

తొలకరి దుక్కులకు ముందు పాత ట్రాక్టరుకు ఇంజనాయిలు గేజీ తీసి చూడటం రైతులకు అలవాటే. ఆయిలు తగ్గితే పోస్తారు. పెరిగితే మాత్రం ‘మంచిదేలే’ అని ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. పోయకుండా ఆయిలు ఎలా పెరుగుతుంది? రేడియేటర్ నీళ్లు లోపలే దారి చేసుకుని ఆయిల్లోకి దిగుతుండొచ్చు.

నీళ్లు కలిసిన ఆయిలు నల్లగా ఉండదు. పాలు ఎక్కువైన టీ రంగుకు తిరిగి, చిక్కగా నురగ కడుతుంది. రేడియేటర్లో రోజూ నీళ్లు తగ్గుతుంటాయి గానీ గొట్టాల దగ్గర, వాటర్ పంపు దగ్గర చుక్క కూడా కారదు. అయితే ఆయిలు పెరిగినంత మాత్రాన నీళ్లేనని కంగారు పడొద్దు. పల్చబడి డీజిలు వాసన కొడితే డీజిలు పంపు వైపు చూడాలి. చలికాలంలో కాసేపే నడిపి ఆపేసే బండ్లకు ఆయిలు పోసే మూత అడుగున తెల్లటి నురగ పడుతుంది. అది ఉత్త చెమ్మ కావచ్చు. గేజీ శుభ్రంగా ఉంటే ఇంజను బాగా వేడెక్కేదాకా పనిచేయించి మళ్లీ చూస్తే తేలిపోతుంది.

అనుమానం తీరకపోతే ట్రాక్టరును రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి స్టార్టు చేయకుండా, కింద బేసిన్ పెట్టి డ్రెయిన్ నట్టును మెల్లగా వదులు చేయండి. ఆయిలు కంటే నీళ్లు బరువు, అడుగుకు చేరతాయి. ముందు నీళ్లే వస్తే ఇక సందేహం లేదు. బాగా కలిసిపోయి విడిపోకపోతే ఒక చుక్కను వేడి రేకు మీద వేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్లే. ముఖం దూరంగా పెట్టుకోవాలి సుమా!

ఆ తర్వాతే అసలు ఖర్చు మాట. కొందరు మెకానిక్‌లు గేజీ చూడగానే ‘బోరు చేయాల్సిందే’ అంటారు. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేలకుండా దీనికి ఒప్పుకోవద్దు. పాత ఆయిలు తీసి కొత్తది పోశాక, ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి ఒక్క నిమిషం స్టార్టు చేయించండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా హెడ్ పగిలి ఉండాలి. బుడగలు రాకపోతే ఆయిల్ చాంబరు దించి, రేడియేటర్‌కు చేతి పంపుతో గాలి ఒత్తిడి పెట్టించి కింది నుంచి చూడాలి. కొన్ని ట్రాక్టర్లకు చాంబరు దించాలంటే ముందు భాగానికి ఆనింపు పెట్టాలి, సొంతంగా చేయొద్దు. నీళ్లు తగిలే రకం లైనర్లయితే, లైనరు అడుగు అంచు బయటి వైపు నుంచి చుక్కలు పడితే రబ్బరు రింగులు పోయినట్లు. పిస్టన్ వైపు నుంచి కారితే గ్యాస్కెట్, హెడ్ పగులు, లేదా లైనరుకు చిల్లి. ఆయిల్ కూలర్ ఉన్న బండికి దాన్నీ పరీక్షించాలి.

రబ్బరు రింగుల ధర తక్కువే. హెడ్ దించి లైనరు లాగాలి కాబట్టి కూలి తప్పదు. కానీ లైనరు, పిస్టన్ బాగుంటే కొత్త సెట్టు వేయించే పని లేదు. హెడ్ దించినప్పుడు వంపు, పగులు చూపించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అది మళ్లీ పోతుంది. బోల్టులు కంపెనీ చెప్పిన వరుసలో, టార్క్ రెంచితోనే బిగించాలి.

‘ఈ రెండెకరాలు దున్ని చూద్దాం’ అనిపిస్తుంది. అదను పోతుందన్న బాధ ఎవరికైనా ఉంటుంది. కానీ నీళ్ల ఆయిలుకు జిగురు ఉండదు. బేరింగులు అరిగిపోయి క్రాంకు గీతలు పడుతుంది. అప్పుడు గ్యాస్కెట్‌తో పోయేది నిజంగానే బోరు దాకా వస్తుంది. ఆ రెండెకరాలు కిరాయికి దున్నించుకోవడమే చవక.

మరమ్మతు అయ్యాక ఆయిలు, ఫిల్టరు మార్చి, కాసేపు నడిపి, ఆ ఆయిలు కూడా తీసేసి మళ్లీ కొత్తది పోయాలి. లోపల మిగిలిన నీళ్లు అప్పుడే బయటికొస్తాయి. ఇంజను కాగి ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి, చన్నీళ్లు పోయకండి. చాలా హెడ్లు పగిలేది అలాగే.