3.4 లోపమున్న కొత్త వాహనం: కొనుగోలుదారునికి చట్టరక్షణ

అప్పు చేసి కొత్త ఆటో కొన్న వ్యక్తిని ఊహించుకోండి. నెల తిరగకముందే ఇంజన్ మొరాయించింది. నాలుగుసార్లు షెడ్డుకు పంపినా బాగుపడలేదు. బండి ఆగినా వాయిదాలు ఆగవు. అతనికి దారి ఏది?

అమెరికాలో ఇటువంటి వాహనాల కోసం 'లెమన్ చట్టాలు' ఉన్నాయి. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకు ప్రధాన ఆధారం. ఇది 2020 జూలై 20న అమలులోకి వచ్చింది.

ఆటోతో సంపాదిస్తున్నాడు గనుక అతను వినియోగదారుడు కాడని అమ్మకందారు వాదించవచ్చు. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు చట్టం పరిధిలోకి రారన్నది నిజమే. కాని కేవలం స్వయం ఉపాధితో జీవనం గడపడానికి కొన్నవారికి మినహాయింపు ఉంది. తన ఆటో తానే నడుపుకొనేవాడు వినియోగదారుడే.

లోపం రుజువైతే సెక్షన్ 39 కింద కమిషన్ లోపాన్ని సరిచేయమని, వాహనం మార్చి ఇవ్వమని, ధర వాపసు చేయమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించవచ్చు. అయితే మరమ్మతుతో పోయే లోపానికి సాధారణంగా కొత్త వాహనం రాదు. తయారీలోనే లోపముందని చూపాలి. అందువల్ల ప్రతి జాబ్ కార్డును భద్రపరచాలి. నిపుణుని నివేదిక కేసుకు బలమిస్తుంది.

చెల్లించిన ధర రూ.50 లక్షలు మించకపోతే, తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల వరకు రుసుము లేదు. వ్యాజ్య కారణం ఏర్పడిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఇదే వ్యక్తి పది ఆటోలు కొని జీతగాళ్ళతో నడిపిస్తే అతను వినియోగదారుడవుతాడా? కారణాలు రాయండి.