పిల్లల చేతికి ఏమి కొనిస్తున్నాము?

బిడ్డ అన్నం తినడం లేదని, నీరసంగా ఉంటున్నాడని మా వద్దకు వచ్చే తల్లులను మేము ముందుగా అడిగేది ఒక్కటే. "నిన్న పొద్దుటి నుంచి ఏమేమి తిన్నాడమ్మా?" టీలో బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్, సాయంత్రం మళ్ళీ బిస్కెట్లు అని జవాబు వస్తుంది. తల్లిని మందలించడం తేలికే. కాని ఆమె చెప్పేది నిదానంగా వింటే, ఆ ప్యాకెట్ వెనుక ఇంటిల్లిపాదీ కనిపిస్తారు.

నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో మిరప కోతకు, పత్తి తీతకు వెళ్ళే తల్లి పొద్దున్నే ఆటో ఎక్కాలి. బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటాడు. ఏడుపు మాన్పించడానికి వీధి కొట్టులో ఐదు రూపాయల ప్యాకెట్ ఉంది, అక్కడ ఖాతా కూడా ఉంది. పండ్ల బండి దగ్గర మాత్రం చేతిలో డబ్బు ఉండాలి. కూలి డబ్బు భర్త చేతిలో ఉంటే ఏమి కొనాలో ఆయనే నిర్ణయిస్తారు. గుడ్డు వేడి, అరటిపండు జలుబు అని అత్తగారు అంటే కోడలు మారు మాట్లాడదు.

ఉద్యోగస్తుల ఇళ్ళలో ప్యాకెట్ బదులు పాలలో కలిపే పొడి డబ్బా ఉంటుంది. అందులో చక్కెర ఎంతో డబ్బా వెనుక చదివేవారు తక్కువ. ఇటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' వరుసలో అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 100కి 63 మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద చూస్తే, బడికి వెళ్ళని తల్లుల పిల్లల్లో 100కి 46 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 12 ఏళ్ళు లేదా అంతకంటే ఎక్కువ చదివిన తల్లుల పిల్లల్లో 26 మందే. చదువుకున్న తల్లికి తెలివిడితో పాటు ఇంట్లో మాట చెల్లుబాటు కూడా ఉంటుందని, చదువుకున్న ఇంట్లో డబ్బుకు అంత ఇబ్బంది ఉండదని మా అనుభవం.

రెండు ప్యాకెట్ల డబ్బుతో ఒక గుడ్డు వస్తుంది. చంటిపిల్లలకు వేరుశనగ గింజలు గొంతుకు అడ్డుపడతాయి కనుక పొడి చేసి, బెల్లం కలిపి పెట్టండి. టీ మానిపించండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. అంగన్‌వాడీ నుంచి బిడ్డ పేరున వచ్చే సరుకు బిడ్డకే పెట్టండి.

ఈసారి బిడ్డను చూపించడానికి వచ్చేటప్పుడు నాయనమ్మను, ఇంటికి సరుకులు తెచ్చేవారిని కూడా వెంట తీసుకురండి. వారితోనూ మాట్లాడతాము.