లక్ష వత్తుల లెక్క

లక్ష వత్తుల నోము పట్టిన ఇంట్లో ఏడాది పొడవునా ఒక స్టీలు డబ్బా తిరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం వీధి అరుగు మీదికి, సాయంత్రం టీవీ ముందుకి, పెళ్ళికో పేరంటానికో ఊరెళ్తే చేతిసంచిలోకి. అందులో గింజ తీసి విడదీసిన పత్తి, చిన్న గిన్నెలో విభూతి, లెక్క రాసుకునే చీటీ ఉంటాయి. వేలికి విభూతి అద్దుకుని దూదిని కొద్దికొద్దిగా లాగుతూ నులిమితే జారకుండా పోగు సాగుతుంది. వంద కాగానే కట్ట కట్టి పక్కన పెడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కుశల ప్రశ్నల కన్నా ముందు ఆ సంగతే అడుగుతారు.

“ఎంతవరకు వచ్చాయి పిన్నీ?”

“అరవై వేలు దాటాయే. కార్తీకానికి అయిపోవాలి.”

లక్ష అనగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఏడాదికి పంచి చూస్తే రోజుకు 274. ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా ముప్పావు గంట. అంటే సీరియల్ ఒకటిన్నర ఎపిసోడ్. “నాకు లెక్కలు రావమ్మా” అనే పెద్దావిడకి కూడా ఈ భాగహారం నోటికొచ్చు. నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే వెయ్యి పైచిలుకు బాకీ పడ్డట్టేనని, దాన్ని వచ్చే రెండు ఏకాదశుల్లో తీర్చేసుకోవాలని ఆవిడకి తెలుసు.

“చేతనైనంత చెయ్యి” అని వదిలేసినవాళ్ళ కన్నా, కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం ముందున్నవాళ్ళే ఎక్కువ సాధిస్తారని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లో ఒక వ్యాసం రాశాడు. ఆ ముక్కనే ఇప్పుడు ఆఫీసుల్లో ఏసీ గదుల్లో కూర్చోబెట్టి, స్లైడ్లు వేసి చెబుతున్నారు. నోము పట్టినావిడకి ఎవరూ చెప్పలేదు. సంఖ్య, గడువు, రోజువారీ వాటా, మధ్యలో వచ్చి “ఎంతవరకు వచ్చాయి” అని అడిగే మనుషులు, అన్నీ నోములోనే ఉన్నాయి.

ఇలాంటి చేతిపనులు మన ఇళ్ళలో కోకొల్లలు. ధనుర్మాసమంతా వేసిన ముగ్గు మళ్ళీ వెయ్యకూడదనే పంతం. వేసవి సెలవుల్లో వైరు బుట్ట. దిండు గలీబు మీద గొలుసుకుట్టు. పెళ్ళికి ముందు ఎండుకొబ్బరి చిప్పల మీద వధూవరుల పేర్లు. బతుకమ్మ కోసం రంగులద్దిన గునుగు పూలు. మగవాళ్ళ వాటాకి నులక మంచం అల్లకం. వీటన్నిటినీ కలిపి “టైంపాస్” అని కొట్టిపారేస్తాం. నాకు మాత్రం మామూలు మనిషి ఎవరూ చెప్పకుండా, తనకు తానుగా పెట్టుకునే లక్ష్యాలు ఇవేననిపిస్తుంది. ఆఫీసులో టార్గెట్ పైవాళ్ళది. పిల్లాడి ర్యాంకు ఇంటిల్లిపాదిదీ, బంధువులదీ. బరువు తగ్గడం డాక్టరు గారిది. బుట్ట మాత్రం అల్లుతున్నవాళ్ళదే.

తోమిన గిన్నె మళ్ళీ సింకులోకి

ఇంటిపని చేసేవాళ్ళని అడిగితే ఇంకో సంగతి చెబుతారు. పొద్దున తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్ళీ సింకులో ఉంటుంది. ఉతికి మడతపెట్టిన బట్ట రెండో రోజుకి బుట్టలో పడుతుంది. ఎంత రుచిగా వండినా రాత్రికి గిన్నె ఖాళీ, తెల్లారితే “ఇవాళ ఏం కూర?” ఈ పని చేస్తే ఎవరికీ కనబడదు, చెయ్యకపోతే అందరికీ కనబడుతుంది. అలాంటి రోజు మధ్యలో బొంత పట్టుకుని ఒక వరస కుడితే, ఆ వరస కుట్టినట్టే. రాత్రికి రాత్రి దాన్ని ఎవరూ తినెయ్యరు.

మరి ముగ్గూ వత్తీ నిలిచేవి కావు కదా అనొచ్చు. నిజమే. గంటసేపు నడుం వంచి వేసిన ముగ్గు పాలబండి చక్రం కింద చెరిగిపోతుంది. ఏడాది చేసిన లక్ష వత్తులూ నేతిలో నాని శివాలయంలో ఒక్క సాయంత్రం వెలిగి బూడిదవుతాయి. సద్దుల బతుకమ్మని పేర్చిన రోజే చెరువులో వదిలేస్తారు. అయినా ఎవరూ “అయ్యో” అనరు. మెలికల ముగ్గు వేసే అమ్మాయిని దగ్గర నుంచి చూడండి. చుక్కలు పెట్టడం అయ్యాక గీత బయల్దేరుతుంది. ప్రతి చుక్క చుట్టూ తిరిగి, తన్ను తానే దాటుకుంటూ, మొదలైన చోటికే వచ్చి కలవాలి. ఎక్కడో ఒక్క చుక్క దగ్గర మెలిక తప్పితే చివర్లో గీత కలవదు. తప్పు దొరికేదాకా వెనక్కి నడవాల్సిందే. అందుకే లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో రాత్రే పెన్సిలుతో వేసి చూసుకుంటారు. గీత కలిసిన చోట చేతికంటిన పిండి దులుపుకుని లేచి, రెండడుగులు వెనక్కి వేసి చూస్తుందే, ఆ చూపుతో ఆమె పని అయిపోయింది. ఆ తర్వాత పాలబండి వచ్చినా ఫరవాలేదు.

మన్నిక మాట పక్కన పెడితే, ఒక పని మొదలై, సాగి, ముగియడం అనేది రోజువారీ బతుకులో అరుదు. చేతిపని అది ఇస్తుంది.

36 వరసల బొంత

బొంత సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. దుకాణంలో వందల రకాల దుప్పట్లు దొరుకుతున్నా, చంటిపిల్లలున్న ఇంట్లో దీన్ని మించింది ఇంకా రాలేదు. కారణం బట్టే. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి గంజీ బిరుసూ పోయిన నూలు చీర ఎంత మెత్తబడుతుందో కొత్త గుడ్డ అంత మెత్తగా ఉండదు. చెమట పీలుస్తుంది, ఒరుసుకోదు. బొంతలు తగ్గిపోవడానికి ఓపిక తగ్గడమే కారణమని పెద్దవాళ్ళు కోప్పడతారు గానీ, అసలు ఇళ్ళలో పాత నూలు చీరలే తగ్గాయి. సింథటిక్ చీరలు పొరలుగా వేస్తే ఒకదాని మీద ఒకటి జారతాయి, ఉక్కపోస్తాయి. బీరువాలో అవే నిండి ఉంటే బొంత ఎక్కణ్ణుంచి వస్తుంది?

పని మొదలయ్యేది నేల మీద. చాప పరిచి, దాని మీద గట్టిగా ఉన్న చీర ముక్క వేసి, చిరుగులూ అతుకులూ ఉన్నవి మధ్య పొరల్లో పెట్టి, పైన మళ్ళీ మంచి ముక్క. అరచేత్తో మధ్య నుంచి అంచుల వైపు రాసి ముడతలు తీస్తారు. ఈ ఒక్క దగ్గర తొందరపడితే కుట్టేకొద్దీ లోపలి గుడ్డ ముద్ద కడుతుంది. నాలుగు మూలలూ, మధ్యలో అక్కడక్కడా పెద్ద కుట్లతో పట్టేసి, అప్పుడు అసలు కుట్టు మొదలుపెడతారు. కొందరు అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, కొందరు నిలువు వరసలు వేస్తారు. కొత్తవాళ్ళకి నిలువు వరసే మేలు, లెక్క తెలుస్తుంది.

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న చంటిపిల్లల బొంత అనుకుందాం. అంగుళానికొక వరస వేస్తే 36 వరసలు. అంగుళానికి మూడు కుట్లు పడితే వరసకి 144. మొత్తం ఐదు వేల పైచిలుకు. రోజుకొక వరస కుడితే నెల దాటి ఓ వారం. కూతురికి అయిదో నెల రాగానే మొదలుపెట్టిన అమ్మమ్మకి నెలలు నిండేలోపు తీరిగ్గా అయిపోతుంది. పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదనే పట్టింపు ఉన్న ఇళ్ళలో కూడా దీనికి అభ్యంతరం ఉండదు, పాత గుడ్డే కాబట్టి. ఇంట్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళ చీరలూ అందులో పడతాయి. కుట్టు ఒంకరగా ఉందని ఆ పిల్లాడు ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యడు.

సొంత చేత్తో చేసిన ఒంకర వస్తువు మనకెందుకు అంత ముద్దొస్తుందో 2012లో మైకేల్ నార్టన్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి చూశారు. కాగితం మడిచి కొంగల్నీ కప్పల్నీ చేయించారు. బయటివాళ్ళ కంటికి అవి నలిగిన కాగితాలే. చేసినవాళ్ళు మాత్రం నిపుణులు చేసిన బొమ్మలతో దాదాపు సమానంగా వాటికి ధర కట్టారు. ఆ పరిశోధకులే ఇంకో సంగతీ గమనించారు. పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని వెంటనే విప్పేసినా ఆ మమకారం పుట్టలేదు. పడ్డ కష్టం ఒక్కటే సరిపోదు, వస్తువు పూర్తి కావాలి.

అదే దారం, ఇంకొకరి లెక్క

చేతిలో నాలుగు రోజులు ఏ పనైనా కనిపిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్ళు వేసే ప్రశ్న ఒకటే: “అమ్ముతావా? ఎంతకిస్తావ్?” మెచ్చుకోలుగానే అంటారు. “ఆన్‌లైన్‌లో పెట్టు, ఎగబడి కొంటారు” అనే సలహా కూడా ఉచితంగా వస్తుంది. డబ్బు అవసరమైనవాళ్ళు అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. కానీ అమ్మకం మొదలయ్యాక అది వేరే పని అవుతుందని తెలుసుకుని దిగాలి. ఎలా మారుతుందో చూడాలంటే గోదావరి చివర నరసాపురం దాకా వెళ్తే చాలు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అల్లిక ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి పనైంది. లేసు బల్లగుడ్డలు, దిండు గలీబులు యూరప్, అమెరికాలకి ఎగుమతయ్యాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి ఆడవాళ్ళ మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం అచ్చువేసింది. వంటా వార్పూ చూసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్ళు ఆమెకి కనబడ్డారు. పూలు అల్లేది చేతిపని, వాటిని కలిపి కుట్టేది అతుకుపని. పువ్వు ఒకరింట్లో, అతుకు ఇంకొకరింట్లో, పూర్తయిన బల్లగుడ్డ వ్యాపారి దగ్గర. అల్లినవాళ్ళలో చాలామంది పూర్తి వస్తువుని చూడరు. వాళ్ళని “ఇంట్లో ఉండే ఇల్లాళ్ళు” అనీ, చేసేదాన్ని “తీరికవేళ పని” అనీ పిలవడం వల్లే కూలి అంత అడుగున ఉండిపోయిందని మీస్ వాదన. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పువ్వుకింత అని చేతిలో పడే డబ్బు పెరిగినప్పుడు ఆ సంతోషం నిండుతుంది.

అదే క్రోషే సూదితో ఒకావిడ మనవరాలికి టోపీ అల్లుతుంటే “తీరికవేళ పని” అనే మాట తిట్టు కాదు. ఆ తీరిక ఆవిడ సొంతం. టోపీ ఆలస్యమైతే ఎవరి కూలీ కొయ్యరు. సొంత పనికి ధర కట్టమని ఒత్తిడి చెయ్యకూడదు, కూలి పనిని తీరిక అని పిలవకూడదు. మనం రెండిట్లోనూ తిరగేసి చేస్తున్నాం.

అటక మీద సగం స్వెట్టరు

ఇన్ని చెప్పుకున్నాక అటక మాట ఎత్తకపోతే అన్యాయం. వీపు భాగం అయ్యి చేతులు రాని స్వెట్టరు, కనుముక్కులు లేని పూసల హంస, అడుగు మాత్రం అల్లిన వైరు బుట్ట లేని ఇల్లు ఉండదు. ఇప్పుడు వాటికి తోడు వీడియోలొచ్చాయి. పది నిమిషాల్లో ఎవరో చకచకా చేసి చూపిస్తారు, మనం ఉత్సాహంగా రంగు రంగుల ఉలెన్ ఉండలు తెప్పించుకుంటాం. సామాను కొనడమే సగం పని అయిపోయినంత తృప్తినిస్తుంది. ఆ తృప్తే కొంప ముంచుతుంది. కొందరికి సామాను కొనడమే హాబీ అయిపోయింది. బీరువాలో ఒక అర దానికే.

సగంలో ఆగినవన్నీ బద్ధకం వల్ల ఆగినవి కావు. ఎక్కువ భాగం కొలత తప్పి ఆగినవే. మొదటి బొంతే డబుల్ కాట్‌కి, మొదటి అల్లికే స్వెట్టరు, మొదటి ముగ్గే పాతిక చుక్కలు. టోపీతో మొదలుపెట్టినవాళ్ళు స్వెట్టరు దాకా వెళ్తారు. స్వెట్టరుతో మొదలుపెట్టినవాళ్ళు అటక ఎక్కుతారు. గడువు కూడా క్యాలెండరులో తేదీ అయితే జారిపోతుంది. పండగో, పురుడో, చలికాలమో అయితే అది మన కోసం ఆగదు కాబట్టి మనమే అందుకుంటాం. ఇక ఏళ్ళ నాటి సగం స్వెట్టరు సంగతంటారా? విప్పి, ఉలెన్ ఉండ చుట్టి ఎవరికైనా ఇచ్చెయ్యండి. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గుపడటం అనవసరం.

ఇవాళే ఏదైనా మొదలుపెట్టాలనిపించినవాళ్ళకి నా ఓటు కాగితం గుజ్జు బుట్టకి. దుకాణానికి వెళ్ళే పని లేదు. పాత దినపత్రికలు ముక్కలు చేసి రెండు మూడు రోజులు నీళ్ళలో నానెయ్యాలి, రోజూ నీళ్ళు మార్చాలి. గుప్పెడు మెంతులు విడిగా నానబెట్టి, పిండిన కాగితంతో కలిపి మెత్తగా రుబ్బాలి. మెంతి జిగురు పట్టు ఇస్తుంది, ఆ చేదుకి పురుగు దగ్గరికి రాదంటారు. వెనకటి రోజుల్లో చాటలకీ తట్టలకీ సందులు పూడ్చేలా అలికింది ఈ గుజ్జుతోనే. ఒక గిన్నె బోర్లించి, తడి గుడ్డ కప్పి, గుజ్జును వేలిమందం పరిచి అరచేత్తో నున్నగా ఒత్తాలి. ఎండలో పెట్టి, పైన ఆరాక గిన్నె నుంచి ఊడదీసి లోపలి వైపు మళ్ళీ ఎండబెట్టాలి. మబ్బు పట్టిన వారంలో మొదలుపెడితే బూజు పడుతుంది, కాబట్టి వానాకాలం వద్దు. ఉల్లిపాయలకో, పూజ పూలకో సరిపోయే చిన్న బుట్ట చాలు మొదటిసారికి. ఒక హెచ్చరిక: నునుపు కాగితం సరిగ్గా నానదు, గుజ్జు కాదు. మామూలు పేజీలు వాడుకోండి. ఆదివారం అనుబంధం అట్ట మాత్రం పనికిరాదు.